మనం మాట్లాడేది గ్రాంథిక ఇంగ్లీషు

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం. ఆఫీసు వంటగదిలో సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నాను. పక్క టీమ్‌లో పనిచేసే ఒక పెద్దావిడ కెటిల్ స్విచ్ వేసి, నావైపు తిరిగి, "ఫ్యాన్సీ ఎ బ్రూ?" అంది.

అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే. బ్రూ. మా ఇంట్లో ఏళ్ళ తరబడి వాడుతున్న కాఫీ పొడి. ఆహా, మన బ్రూ ఇంత దూరం వచ్చిందా అని సంబరపడిపోయి, చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "యెస్, ఐ వుడ్ లైక్ టు హావ్ వన్ కప్ ఆఫ్ కాఫీ, ప్లీజ్" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, "కాఫీ? రైట్. మిల్క్? షుగర్?" అంది. "యెస్, ఐ టేక్ మిల్క్. నో, ఐ డోంట్ టేక్ షుగర్." పోలీస్ స్టేషన్లో స్టేట్‌మెంట్ ఇస్తున్నదానిలా చెప్పాను.

ఆ ఉత్తర ఇంగ్లండు వైపు బ్రూ అంటే మామూలుగా టీ అని తర్వాత తెలిసింది. ఫ్యాన్సీ అంటే తాగాలనిపించడం. అసలు వాక్యం "డు యు ఫ్యాన్సీ ఎ బ్రూ?" ముందున్న రెండు మాటలు ఆవిడ మింగేసింది. మింగేసింది అనడం కూడా తప్పేమో, అవి ఆవిడ నోట్లో పుట్టనే లేదు.

సాయంత్రం బస్సులో కూర్చుని తల్చుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇదే సంగతి మా అమ్మ ఎలా అడుగుతుంది? "టీ కావాలా?" నేనేమంటాను? "ఊఁ." "నీకు ఒక కప్పు టీ కావాలా?" అని మా అమ్మ గనక అడిగితే, ఒంట్లో బాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. అంటే లీడ్స్ పెద్దావిడ ఇంగ్లీషుదీ మా అమ్మ తెలుగుదీ ఒకటే కొలత. మధ్యలో నేనే, మూడు మాటల ప్రశ్నకి పదకొండు మాటల జవాబు చెప్పినదాన్ని.

నిజానికి మాటల పొదుపులో తెలుగువాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. విజయవాడలో సిటీ బస్సెక్కి కండక్టరుకి డబ్బులు అందిస్తూ "రెండు బెంజిసర్కిల్" అంటాం. అందులో టికెట్ అన్న మాట లేదు, ఇవ్వడం లేదు, నేను లేను. లీడ్స్ బస్సులోనూ అంతే. "సింగిల్ టు హెడింగ్లీ, ప్లీజ్" అని డ్రైవరుకి చెప్పి ఎక్కుతారు. నేను మాత్రం మొదటి నెలంతా "ఐ వాంట్ టు గో టు హెడింగ్లీ, ప్లీజ్ గివ్ మి వన్ టికెట్" అని వెనక క్యూ పెంచుతూ వచ్చాను. నా తర్వాత ఎక్కాల్సిన వాళ్ళు పాపం వానలో తడిసేవాళ్ళు. లీడ్స్‌లో వాన అంటే వేరే చెప్పాలా.

మరి తెలుగులో అంత పొదుపుగా ఉండే మనిషికి ఇంగ్లీషులోకి అడుగుపెట్టగానే ఈ దుబారా ఎక్కడిది? బడి నుంచి వచ్చింది. టీచరు పెన్ను పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అనేది. "పెన్" అంటే సరిపోదు. "ఆన్సర్ ఇన్ ఫుల్ సెంటెన్స్!" అని గద్దింపు. "దిస్ ఈజ్ ఎ పెన్" అనేదాకా నిలబెట్టేది. ప్రపంచంలో ఏ మనిషీ చేతిలో పెన్ను పట్టుకుని ఇదేమిటని ఎదుటివాణ్ణి అడగడు, ఒకవేళ అడిగినా ఎదుటివాడు పూర్తి వాక్యంలో జవాబివ్వడు. ఆ టీచర్ని నేను తప్పుపట్టను. అరవై మంది పిల్లలు, ముప్పావుగంట పీరియడు, చివర్లో రాతపరీక్ష. ఎవరికి వాక్యం కట్టడం వచ్చిందో ఎవరికి రాలేదో తెలియాలంటే వాక్యం మొత్తం చెప్పించాల్సిందే. చిక్కేమిటంటే ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది, మనం ఇంకా జవాబులు రాస్తూనే ఉన్నాం.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారిని తల్చుకుంటాం, తెలుగు భాషా దినోత్సవమని. ఆయన కథలో నాకు బాగా నచ్చిన పాత్ర ఒక దొర. 1907 ప్రాంతంలో మన ఉత్తరాంధ్ర వైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్. తెలుగు నేర్చుకుందామని పుస్తకాలు పట్టుకున్నాడు. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, ఊళ్ళో జనం నోట వినిపించే తెలుగు ఇంకొకటి. ఇదేమిటి ఇలా ఉందని ఆయన అడిగిన ప్రశ్న గిడుగువారి దాకా వచ్చింది. ఆ తర్వాత వ్యావహారిక భాష కోసం గిడుగువారు చేసిన పోరాటం సంగతి మనందరికీ తెలిసిందే. లీడ్స్ వంటగదిలో నేను తిరగేసిన యేట్స్ దొరని. ఆయనకి గిడుగువారు దొరికారు, మన ఇంగ్లీషుకి ఎవరూ దొరకలేదు. అందుకే "నేనొక కప్పు కాఫీ త్రాగగోరుచున్నాను" అనే రకం ఇంగ్లీషులోనే ఉండిపోయాం. తెలుగులో అలా మాట్లాడితే నాటకం వేస్తున్నాడంటారు. ఇంగ్లీషులో అలా మాట్లాడితే ఎంత చక్కగా మాట్లాడుతున్నాడో అంటారు, మనవాళ్ళే.

సరే, మాటలు తగ్గించడమే మందు అయితే పని తేలిక. నోటికొచ్చిన మాటల్లో సగం తీసేస్తే చాలు. నేనూ మొదట అదే చేశాను. బొక్కబోర్లా పడ్డాను. ఎందుకంటే వాళ్ళు ఎక్కడ తీస్తారో మనం అక్కడ తీయం. మనం తీసేచోట వాళ్ళు చచ్చినా తీయరు.

ఆఫీసులో ఒకరోజు చెవిన పడ్డ సంభాషణ ఇది, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

"సీన్ మై కీస్?"

"ఐ హావెంట్, నో. చెక్డ్ యువర్ కోట్?"

"ఐ హావ్."

"ట్రై ద కార్, దెన్."

ఒకడి తాళాలు పోయాయి, ఇంకొకడు కోటు జేబులో చూశావా అంటున్నాడు. అంతే. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. ప్రశ్నలకి తల లేదు. "హావ్ యు సీన్ మై కీస్?" అనాల్సింది, "హావ్ యు" ఎగిరిపోయింది. "హావ్ యు చెక్డ్ యువర్ కోట్?" అనాల్సింది, అక్కడా అంతే. జవాబులకి తోక లేదు. "ఐ హావెంట్ సీన్ యువర్ కీస్" అనాల్సింది "ఐ హావెంట్" దగ్గర ఆగింది. "ఐ హావ్ చెక్డ్ మై కోట్" అనాల్సింది "ఐ హావ్" దగ్గర ఆగింది. ప్రశ్నలో ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఆ "హావ్" జవాబులోకి వచ్చేసరికి హీరో అయి కూర్చుంది.

ఎందుకని? బరువు వల్ల. ఇంగ్లీషులో వాక్యంలోని మాటలన్నీ ఒకే బరువుతో పలకరు. కబురు మోసే మాటని నొక్కుతారు, మిగతావాటిని గబగబా దొర్లించేస్తారు. తాళాల ప్రశ్నలో కబురు చూడటంలో ఉంది, తాళాల్లో ఉంది. "హావ్ యు" కేవలం గుమ్మం. నొక్కని మాటలు ముందు నలుగుతాయి, తర్వాత అరుగుతాయి, వాక్యం మొదట్లో ఉంటే చివరికి రాలిపోతాయి. "డిడ్ యు ఈట్ యెట్?" అన్నది అమెరికా వాళ్ళ నోట్లో "జీచెట్?" అయ్యేది ఇలాగే. జవాబులో కబురు వేరు. చూశాడా లేదా అన్నదే కబురు, అది "హావ్", "హావెంట్"లలో ఉంది. కాబట్టి బరువు అక్కడ పడుతుంది, అది నిలబడుతుంది. తర్వాతి మాటలు ఎదుటివాడు ఇప్పుడే అన్నవే, మళ్ళీ ఎందుకు?

మనకి ఇది వింతగా ఎందుకుంటుందంటే, తెలుగులో అక్షరాలన్నీ పంక్తి భోజనంలో కూర్చున్నట్టు ఉంటాయి, అందరికీ వడ్డన సమానం. "డూ యూ వాంట్ టూ కమ్?" అని ఐదు మాటలూ ఐదు ఇటుకల్లా పేరుస్తాం. వాళ్ళకది "వాన్న కమ్?" మనం ఆ మొదటి ఇటుక కోసం చెవులు రిక్కించి కూర్చుంటాం. అది రాదు. అది వచ్చిందా లేదా అని వెతుక్కునేలోపు వాక్యం అయిపోతుంది. వాళ్ళ ఇంగ్లీషు స్పీడు, అర్థం కాదు అని చాలామంది చెప్పేది ఇదే. స్పీడు కొంతే. అసలు సంగతి, మనం ఎదురుచూసే మాట అక్కడ లేకపోవడం.

తెలుగులో అదే సంభాషణ వినండి. "నా తాళాలు చూశావా?" "చూళ్ళేదు." "కోట్లో చూశావా?" "చూశా." మనమూ కత్తిరించాం. "నువ్వు" లేదు, "నేను" లేదు. అయితే మనం క్రియని ఎప్పుడూ వదల్లేదు, ఎందుకంటే తెలుగు క్రియ తోకలోనే మనిషి ఉంటాడు. చూశాను, చూశావు, చూశారు. మనిషిని విడిగా చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు "సీన్"కి అలాంటి తోక లేదు. ఎవరు చూశారన్నది సందర్భం చెప్పాలి. ప్రశ్న అయితే నువ్వు, మామూలు మాట అయితే నేను. "వాంట్ సమ్?" అంటే నీకు కావాలా అని. "డోంట్ నో" అంటే నాకు తెలీదని. "డజంట్ మ్యాటర్", "డిపెండ్స్", "సౌండ్స్ గుడ్" లాంటివాటిలో పోయింది "ఇట్" లేదా "దట్", దానికి మనిషితో పనే లేదు.

ఇప్పుడు మన అలవాటు ఇంగ్లీషులోకి మోసుకెళ్తే ఏమవుతుందో చూడండి. హైదరాబాద్ ఆఫీసుల్లో మధ్యాహ్నం పూట రోజూ వినిపించేదే. "యు ఏట్?" "ఏట్, ఏట్." తిన్నావా, తిన్నా తిన్నా. మనలో మనకి ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది, నేనూ అంటాను. కానీ "ఐ హావ్" అనాల్సినచోట "ఏట్" అనడమంటే, వాళ్ళు తోక కోసేచోట మనం తల కోశామన్నమాట.

అంతకన్నా పెద్ద గండం "ఇట్". తెలుగులో "తెచ్చావా?" అంటే చాలు. ఏది తేవాలో ఇద్దరికీ తెలుసు. "తెచ్చా." దాన్ని అలాగే దించితే "డిడ్ యు బ్రింగ్?" "ఐ బ్రాట్." లీడ్స్‌లో నేనిలా అన్న ప్రతిసారీ ఎదుటి మనిషి ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూసేవాళ్ళు. బ్రింగ్... వాట్? వాళ్ళు "డిడ్ యు" మొత్తాన్ని వదిలేసి "బ్రింగ్ ఇట్?" అని అయినా అంటారేమో గానీ, ఆ చివరి "ఇట్"ని వదలరు. సినిమా నచ్చిందా అంటే "ఐ లైక్డ్" అని నోరు మూసుకునేదాన్ని. "ఐ లైక్డ్ ఇట్." పెన్ను కొన్నావా అంటే "ఐ బాట్" కాదు, "ఐ గాట్ వన్." మన చెవికి ఆ "ఇట్", "వన్" శుద్ధ దండగ మాటలు. వాళ్ళ చెవికి అవి లేకపోతే మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు లేదని తెలిసినట్టు ఉంటుంది. ఎవరికి ఏది అనవసరమో ఆ భాష నిర్ణయిస్తుంది, మనం కాదు.

ఇలాంటిదే "టు". "కమ్ విత్ అస్" అంటే "ఐ వుడ్ లైక్" అనేదాన్ని. "ఐ'డ్ లవ్ టు" అనాలి. వెళ్ళడం, రావడం అన్నీ పోయినా ఆ చిన్న "టు" మొండిగా నిలబడుతుంది, ఇక్కడ ఒక క్రియ ఉండేది సుమా అని గుర్తు చెప్పడానికి. నరికిన చెట్టు మొదలులాగా.

మా అక్క కూతురు పంపే వాట్సాప్ మెసేజీల్లో ఇంకో రకం. "యామ్ కమింగ్." "విల్ కాల్ యు." "ఐ" తీసేస్తే పొట్టిగా ఉంటుందని ఎవరో చెప్పారట. రాసేటప్పుడు ఇంగ్లీషువాళ్ళూ అప్పుడప్పుడు అలా రాస్తారు, డైరీల్లోనూ కనిపిస్తుంది. మాటల్లో మాత్రం "ఐ" పోతే దాన్ని పట్టుకు వేలాడే "యామ్", "విల్" కూడా పోవాలి. "కమింగ్!" "కాల్ యు లేటర్." అవి ఒంటరిగా నిలబడలేనంత బక్కవి. అదే "కాంట్ కమ్", "వోంట్ బి లాంగ్", "మస్ట్ గో" అంటే నిలబడతాయి, వాటి మీద బరువు పడుతుంది కాబట్టి. మరి "విల్ డూ" సంగతేమిటి, మా మేనేజరు రోజుకి ఇరవైసార్లు అంటాడు కదా అని మీరడగొచ్చు. పలికి చూడండి. "విల్" నలగకుండా నిలబడుతోందా లేదా?

ఇక్కడ టెలిగ్రామ్ గురించి ఒక మాట చెప్పాలి. మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత టెలిగ్రామ్ ఒకటి ఉండేది. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." మాటకింతని డబ్బు కట్టాలి గనక ప్రతి మాటనీ తూచి పెట్టినది. ఆ సర్వీసు మన దేశంలో 2013 జూలై 15 నుంచి ఆగిపోయింది, కానీ ఆ ఇంగ్లీషు మాత్రం మన నోళ్ళలో బతికే ఉంది. "ఐ వెంట్ ఆఫీస్." "షి ఈజ్ గుడ్ గర్ల్." పొట్టిగా మాట్లాడమన్నారు కదా అని వాక్యం నడుమ "టు ది", "ఎ" లాంటివి పీకేస్తాం. టెలిగ్రామ్‌లో పోయేది ఖర్చు వల్ల, మాటల్లో పోయేది బరువు లేక. అది కూడా ఎక్కువగా వాక్యం మొదట్లోనే. నడుమ ఉన్నవాటిని నలిపి పలుకుతారు గానీ పూర్తిగా తీసెయ్యరు. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతం జనం "ది"ని గొంతులోనే నొక్కేసి, ఉన్నట్టా లేనట్టా అన్నట్టు పలుకుతారు. వినడానికి "డౌన్ ట్ పబ్" లాగా ఉంటుంది. నేనూ అలా అందామని ఒకసారి ప్రయత్నిస్తే, పక్కసీటు అబ్బాయి నాకు ఎక్కిళ్ళు వచ్చాయనుకుని నీళ్ళిచ్చాడు.

ఇంతా చెప్పి, అసలు ముప్పు ఉన్నచోటికి ఇప్పుడు వస్తున్నాను. మర్యాద.

క్యాంటీన్లో ఒకరోజు, అప్పటికి నాలుగైదు నెలలయి కాస్త ధైర్యం వచ్చింది, కౌంటర్ దగ్గరికెళ్ళి "గివ్ మి వన్ వాటర్ బాటిల్" అన్నాను. ఆవిడ ఇచ్చింది. ఇస్తూ మొహం మాడ్చుకుంది. నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. నా బుర్రలో నడిచిన వాక్యం "ఒక వాటర్ బాటిల్ ఇవ్వండి" అని. ఎంత మర్యాదగా అడిగాను! ఆ మర్యాదంతా "అండి"లో ఉంది. ఇంగ్లీషులోకి దాటేటప్పుడు ఆ "అండి" గట్టు మీదే ఉండిపోయింది, అవతలికి చేరింది ఉత్త "ఇవ్వు". ఇంగ్లీషులో క్రియకి తగిలించడానికి "అండి" లేదు. ఆ పని వాళ్ళు మాటలు పెంచి చేస్తారు. "కుడ్ ఐ గెట్ ఎ వాటర్, ప్లీజ్?" "వుడ్ యు మైండ్ మూవింగ్ ఎ బిట్?" ఆ "కుడ్ ఐ", "వుడ్ యు మైండ్" చూసి ఇవెందుకు దండగ అని తీసేస్తే, మనం తీసేసింది "అండి"ని, "గారు"ని.

అయితే అదే ఊళ్ళో ముక్కూమొహం తెలియని షాపువాడు నన్ను "నీడ్ ఎ బ్యాగ్?" అంటాడు. ఎవరికీ కోపం రాదు. మరి ఇదెలా? చాలా రోజులు గమనించాక నాకు తోచిందిది. ఎదుటివాళ్ళకి ఏదైనా ఇస్తానన్నప్పుడు కత్తిరించొచ్చు. "వాంట్ ఎ లిఫ్ట్?" "కప్ ఆఫ్ టీ?" "నీడ్ ఎ హ్యాండ్?" ఎంత పొట్టిగా అంటే అంత ఆప్యాయంగా ఉంటుంది, మొహమాటపడకు తీసుకో అన్నట్టు. ఎదుటివాళ్ళ దగ్గర ఏదైనా పుచ్చుకునేటప్పుడు, లేదా వాళ్ళతో పని చేయించుకునేటప్పుడు మాత్రం కత్తెర జేబులో పెట్టుకోవాలి. ఇది వ్యాకరణ పుస్తకం సూత్రం కాదు, నా సొంత లెక్క. ఇంతవరకూ నన్ను మోసం చెయ్యలేదు.

మన స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో అనవసరమైన మాటలు అనగానే ముందు పడేది "యాక్చువల్లీ", "బేసికల్లీ" మీద. ఆ తర్వాత "రిటర్న్ బ్యాక్", "డిస్కస్ అబౌట్". సరే, వీటిలో చివరివి మానుకుంటే మంచిదే. తెలుగులోనూ "మళ్ళీ రిపీట్ చెయ్యండి", "తిరిగి రిటర్న్ అయ్యాడు" అంటూనే ఉంటాం. కానీ "యాక్చువల్లీ"ని ఎందుకంత వేటాడతారో నాకర్థం కాదు. అది మాట కాదు, ఊపిరి. తెలుగులో "అంటే", "అదే మరి", "ఏంటంటే" అనకుండా ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడగలరా? ఇంగ్లీషువాళ్ళకి "యు నో" ఉంది, "లైక్" ఉంది. మనిషి ఆలోచించుకోవడానికి తీసుకునే ఆ కాస్త జాగానీ లాగేసుకుని, "ఐ యామ్ హెయిలింగ్ ఫ్రమ్" అని మొదలయ్యే ఇంటర్వ్యూ పాఠాన్ని మాత్రం బట్టీ పట్టిస్తారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు "హెయిలింగ్" అంటే, తెలుగులో "నేను గుంటూరు పురవాస్తవ్యుడను" అన్నట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. పూర్తి వాక్యమే రానివాడికి కత్తిరించడం నేర్పితే ఏం కత్తిరిస్తాడు? గుడ్డ లేకుండా కత్తెర ఇచ్చినట్టు కదా? ఒప్పుకుంటాను. "హావ్ యు సీన్" అని తెలియనివాడికి "సీన్"కి ముందు ఏం పోయిందో తెలియదు. జవాబులో "ఐ హావ్" అనాలో "ఐ డిడ్" అనాలో అసలే తెలియదు. కాబట్టి పూర్తి వాక్యం కావాలి. నా గొడవల్లా, దాన్ని నోటికీ చెవికీ ఒకే కొలతలో నేర్పడం గురించి. నోటికి మెల్లగా నేర్పండి, ఫర్వాలేదు. "డు యు వాంట్ టీ?" అని పూర్తిగా అన్నా ఎవరూ ఏమీ అనుకోరు, కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది, అంతే. చెవికి మాత్రం మొదటిరోజు నుంచే "వాంట్ టీ?" వినిపించాలి. పూర్తి వాక్యాల్లో మాట్లాడి బతికేయొచ్చు. పూర్తి వాక్యాలే వినిపించాలంటే కుదరదు, ఎదుటివాళ్ళు మన సిలబస్ చదవలేదు.

లీడ్స్ నుంచి తిరిగొచ్చి విజయవాడలో స్థిరపడ్డాక, మా అక్క కూతురు పైచదువుకి అటే వెళ్తానని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోచింగ్‌లో చేరింది. రోజూ సాయంత్రం వచ్చి నా ముందు కూర్చునేది. "వేర్ డు యు లివ్?" అంటే "ఐ లివ్ ఇన్ విజయవాడ. విజయవాడ ఈజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ సిటీ. విజయవాడ ఈజ్ ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ కృష్ణా రివర్." మూడు వాక్యాల్లో మూడుసార్లు విజయవాడ. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ విన్నట్టుంది.

"అమ్మలూ, విజయవాడ అని ఒక్కసారి చెప్పావుగా, చాలు. తర్వాత ఇట్ అను."

"పిన్నీ, మా సార్ క్వశ్చన్‌లో ఉన్న వర్డ్స్ ఆన్సర్‌లో రావాలన్నారు."

ఆ స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మాట సాఫీగా సాగుతోందా, పదాలెలా ఉన్నాయి, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగూ చూసి మార్కులు వేస్తారు. అక్కడ ఒక్క మాటలో జవాబులు చెప్తే మార్కులు రాలవు, మాట్లాడాలి. కాబట్టి కత్తిరించడం అంటే తక్కువ మాట్లాడటం అనుకోకూడదు. అడిగినదాన్నే తిరిగి అప్పజెప్పడంలో పోయే నిమిషాన్ని కొత్త సంగతి చెప్పడానికి వాడుకోవడం. "విజయవాడ. బార్న్ హియర్, యాక్చువల్లీ" అని మొదలుపెట్టి, కృష్ణ ఒడ్డు గురించి కాకుండా తన వీధి గురించి చెప్పమన్నాను. పరీక్షలో అలా తల కొట్టేసి మొదలుపెట్టొచ్చా అని దానికి భయం. ఒకటి రెండు చోట్ల ఫర్వాలేదన్నాను. అది రెండు చోట్ల కూడా అనలేదట, పూర్తి వాక్యాలే చెప్పొచ్చింది. సీటొచ్చింది. సరే.

చెవి కోసం మాత్రం ఇంట్లో ఒక ఆట పెట్టాను. రాత్రి భోజనాల దగ్గర నేను తల లేని ప్రశ్నలు అడగాలి, అది తోక లేని జవాబులు చెప్పాలి. "ట్రైడ్ ద పప్పు?" "ఐ హావ్." "ఎనీ గుడ్?" "ఇట్ ఈజ్." "వాంట్ సమ్ మోర్?" "ఐ'మ్ గుడ్." ఇంగ్లీషులో "ఐ'మ్ గుడ్" అంటే ఇక చాలు, వద్దు అని. మా అమ్మకి వినపడింది "గుడ్" ఒక్కటే. పప్పు గుడ్ అంది పిల్ల అని మురిసిపోయి ఇంకో గరిటె వేసేది. వద్దమ్మమ్మా అంటే, "ఇప్పుడేగా బావుందన్నావ్!" మా అక్క అయితే "మీ ఇద్దరి గోలేంటే, అన్నం తినండి ముందు" అని విసుక్కునేది. పదిహేను రోజులయ్యేసరికి దానికి ప్రశ్నలో తల లేకపోవడం అలవాటైంది. మా అమ్మకీ అలవాటైంది, "మోర్?" అని అడిగి, జవాబు వినకుండా వడ్డించడం.

ఇప్పుడు అది షెఫీల్డ్‌లో ఉంది. వెళ్ళిన వారానికి వాయిస్ మెసేజ్ పెట్టింది, నవ్వు ఆపుకోలేకుండా.

"పిన్నీ, ఇందాక షాపుకెళ్ళా. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పాలు తీసుకున్నా. కౌంటర్లో అబ్బాయి నీడ్ ఎ బ్యాగ్ అన్నాడు. నువ్వు చెప్పినట్టే వినపడింది, డు యు లేదు, ఏం లేదు. నేను కూడా టకీమని గాట్ వన్, థాంక్స్ అనేశా. అసలు ఆలోచించలేదు పిన్నీ, దానంతటదే వచ్చేసింది. ఛీర్స్ అన్నాడు కూడా. బయటికొచ్చాక చూసుకుంటే నా దగ్గర బ్యాగ్ లేదు! మళ్ళీ లోపలికెళ్ళి అడగాలంటే సిగ్గేసింది. దుంపలన్నీ చున్నీలో మూట కట్టుకుని రూమ్ దాకా మోసుకొచ్చా. పది పెన్స్ మిగిలాయిలే."